పోటీ నడిపేవాళ్లకు బడి ఎక్కడ?

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ అనంతపురానికి వచ్చింది. మొదటి విడతలో ఒక మ్యాచ్ బెంగళూరుకు పోగా, మిగిలినవన్నీ 5వ తేదీ నుంచి 22 దాకా ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ క్రీడాగ్రామంలోనే జరిగాయి. టీవీలో తప్ప చూడని ఆటగాళ్లను దగ్గర నుంచి చూడాలని పొరుగు జిల్లాల కుర్రాళ్లు బస్సులెక్కి పోయారు. కంచె దూకి లోపలికి పరుగెత్తి రుతురాజ్ గైక్వాడ్ కాళ్లు మొక్కిన ఒక అభిమాని వీడియోను దేశమంతా చూసింది. ప్రయాణికుల విమానాశ్రయం కూడా లేని ఊరు అంత పెద్ద దేశవాళీ టోర్నీని ఈదుకొచ్చిందంటే మెచ్చుకోవలసిందే.

మరి కర్నూలు, కడప సంగతేమిటి? కడపలో వైఎస్ రాజారెడ్డి క్రికెట్ మైదానం ఉంది, రంజీ మ్యాచ్‌లు జరిగిన చోటు అది. పుట్లంపల్లిలో డాక్టర్ వైఎస్సార్ క్రీడాపాఠశాల ఉంది. కర్నూలు నడిబొడ్డున అవుట్‌డోర్ స్టేడియం ఉంది. కడప విమానాశ్రయం 2015లో మళ్లీ తెరుచుకుంది, ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట కట్టినది 2021 మార్చిలో మొదలైంది. నేల ఉంది, దారి ఉంది. ఒక జాతీయస్థాయి పోటీనో, నాలుగు దేశాల జట్లు వచ్చే పోటీనో రేపు చేతికిస్తే, తొలి రోజు పొద్దున ఐదు గంటలకు ఏ గేటు ఎవరు తీయాలో తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారు? వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారు? నేర్చుకోనివాళ్లు ఎక్కడ నేర్చుకోవాలి? ఈ వ్యాసం దాని గురించే.

మన దేశంలో క్రీడాశిక్షణ అంటే ఆటగాడి శిక్షణ, లేదా ఆటగాణ్ని తీర్చిదిద్దే కోచ్ శిక్షణ. గ్వాలియర్‌లో వ్యాయామవిద్య కళాశాల 1957లో, పటియాలాలో జాతీయ క్రీడాసంస్థ 1961లో వచ్చాయి. రెండూ గొప్ప పని చేశాయి. మన పీఈటీలకు, ఫిజికల్ డైరెక్టర్లకు గురువులైనవాళ్లలో చాలామంది అక్కడివాళ్లే. అయితే పోటీని నడపడం వేరే విద్య. జట్ల రాకపోకలు, బస, భోజనం, గుర్తింపు కార్డులు, డోపింగ్ పరీక్షకు గది, అంబులెన్సు నిలిపే చోటు, టికెట్లు, జనప్రవాహం, విలేకరుల కుర్చీలు, వాన వస్తే ఏం చేయాలి, కరెంటు పోతే ఏం చేయాలి అన్నవన్నీ అందులోకి వస్తాయి. ఆట తెలిసినంత మాత్రాన ఇవి రావు. ఆట అసలే తెలియని మంచి స్టేషన్ మాస్టరు వీటిని ఇంకా బాగా చేయగలడు.

ప్రపంచం ఈ విద్యను విద్యగా గుర్తించి ఎంతో కాలం కాలేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ దాకా ప్రతి ఆతిథ్యనగరం దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టేది. సిడ్నీ నిర్వాహకుల పత్రాలను, అనుభవాలను తీసుకొని తర్వాతి నగరానికి అందించే పద్ధతిని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అప్పుడు మొదలుపెట్టింది. ఇప్పుడు ఒక నగరంలో క్రీడలు జరుగుతుండగానే తర్వాతి నగరం మనుషులు పరిశీలకులుగా వచ్చి తెరవెనక తిరుగుతారు. కొందరు నెలల తరబడి అక్కడే ఉద్యోగం చేసి పోతారు. అయిపోయాక రెండు నగరాల నిర్వాహక జట్లూ ఎదురెదురుగా కూర్చుంటాయి, ఏది కుదిరిందో ఏది బెడిసిందో అన్నీ మాట్లాడుకుంటాయి. సిడ్నీ వాలంటీర్ల శిక్షణను అక్కడి ప్రభుత్వ వృత్తివిద్యా సంస్థ చూసుకుంది. మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల లాంటి సంస్థ అది. ఈ సంగతి మనకు పనికొస్తుంది కనుక గుర్తుంచుకోవాలి.

పట్టాలిచ్చే బడులూ పుట్టాయి. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో ఏఐఎస్‌టీఎస్ సంస్థ, మూడు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఫిఫా మాస్టర్ కోర్సు రెండూ 2000లోనే మొదలయ్యాయి. 2014 శీతాకాల క్రీడలకు సిద్ధమవుతూ రష్యా సోచిలో ఒక ఒలింపిక్ విశ్వవిద్యాలయమే పెట్టింది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు ముందు ఖతర్ జోసూర్ అనే శిక్షణసంస్థను తెచ్చింది. ఈ బడుల్లో పది పదిహేను దేశాలవాళ్లు ఒకే తరగతిలో కూర్చుంటారు, నిజంగానే చాలా నేర్చుకుంటారు. కానీ అక్కడ తయారయ్యేది ఒక క్రీడోత్సవం నుంచి ఇంకో క్రీడోత్సవానికి దేశదేశాలూ తిరిగే నిపుణుడు. అతను కర్నూలుకు వస్తాడు, పని చేస్తాడు, పోతాడు. అతను పోయాక ఇక్కడ ఏం మిగిలిందన్నదాన్ని బట్టే శిక్షణ విలువ కట్టాలని నేను అనుకుంటాను.

వాలంటీర్ల విషయంలో లండన్ 2012 ఇప్పటికీ మంచి పాఠం. దాదాపు 70,000 మందిని మూడు మెట్లలో తయారుచేశారు. మొదట అందరికీ కలిపి క్రీడల గురించి, మర్యాదల గురించి చెప్పారు. తర్వాత ఎవరి పని వాళ్లకు నేర్పారు. ఆఖరున ఎవరి స్టేడియంలో వాళ్లను తిప్పి మెట్లు, తలుపులు, మరుగుదొడ్లు, ప్రథమచికిత్స గది చూపించారు. మనవాళ్లు ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. టీషర్టు ఇచ్చి, ఒక ఉపన్యాసం చెప్పి, పొద్దున రమ్మంటారు. ఎండలో నిలబడ్డ ఆ డిగ్రీ విద్యార్థిని ఎవరైనా వచ్చి నీళ్లెక్కడమ్మా అనడిగితే ఆ అమ్మాయికీ తెలియదు.

అదే లండన్‌లో ఇంకో పాఠమూ ఉంది. కాపలాకు పది వేల మందికి పైగా ఇస్తానని ఒప్పుకున్న ప్రైవేటు కంపెనీ జీ4ఎస్ ఆరంభానికి రెండు మూడు వారాల ముందు చేతులెత్తేసింది. మనుషులను చేర్చుకుంది కానీ, వాళ్లకు శిక్షణ పూర్తి చేసి, తనిఖీలు ముగించి, ఏ రోజు ఎక్కడ నిలబడాలో చెప్పేంతవరకు పని తేల్చలేకపోయింది. అదనంగా 3,500 మంది సైనికులను దింపాల్సి వచ్చింది. కాగితం మీది సంఖ్యకూ, గేటు దగ్గర నిలబడ్డ మనిషికీ మధ్య ఎంత పని ఉంటుందో దాంతో తెలిసింది.

మన ఇంట్లోకి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పెద్ద పోటీలు నడిపిన అనుభవం తక్కువేమీ కాదు. 2002 డిసెంబరులో 32వ జాతీయ క్రీడలు హైదరాబాద్, విశాఖల్లో జరిగాయి. ఢిల్లీలో 2001లో జరగాల్సి వాయిదా పడిన తొలి ఆఫ్రో ఏషియన్ క్రీడలను 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా హైదరాబాదే నడిపింది. ఎనిమిది ఆటలు, రెండు ఖండాల ఆటగాళ్లు. 2007 అక్టోబరులో ప్రపంచ సైనిక క్రీడలకు వందకు పైగా దేశాలు వచ్చాయి. 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగాయి. భద్రత బాగాలేదని ఇంగ్లండ్ జట్టు మొదలవకముందే వెళ్లిపోయినా పోటీలు ఆగలేదు. ఏడేళ్లలో నాలుగు పెద్ద క్రీడోత్సవాలు నడిపిన రాష్ట్రాలు అప్పటికి దేశంలో ఎన్ని ఉంటాయి?

ఆ నేర్పు ఏమైందన్నది బాధపడాల్సిన విషయం. ఆఫ్రో ఏషియన్ క్రీడలు రెండోసారి జరగనే లేదు. నిర్వహణ కమిటీ అన్నది ఎక్కడైనా పని కాగానే రద్దయ్యేదే. అధికారులు వేరే శాఖలకు బదిలీ అవుతారు, దస్త్రాలు అటక ఎక్కుతాయి, కాంట్రాక్టర్లు బిల్లులు తీసుకొని పోతారు. భవనాలు మిగిలాయి. గచ్చిబౌలిలో ఆటగాళ్ల కోసం కట్టిన పద్నాలుగంతస్తుల టవర్ 2020లో కోవిడ్ ఆసుపత్రి అయింది. ప్రాణాలు కాపాడడానికి పనికొచ్చినందుకు సంతోషమే, కానీ క్రీడల అవసరం అప్పటికే దానికి తీరిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ వేదికల్లో చాలావరకు అటువైపే ఉండిపోయాయి. హకీంపేట క్రీడాపాఠశాల కూడా అటే. ఆ నాలుగు ఉత్సవాలూ ఎలా నడిపారో రాసిన పుస్తకం ఒకటి ఉండి, దాని ప్రతి కర్నూలులోనూ కడపలోనూ ఉండి ఉంటే, విభజన దాన్ని పంచలేకపోయేది. స్టేడియాన్ని ఎలాగూ బండికెత్తలేం. రాసిపెట్టిన అనుభవాన్ని ఎన్ని ప్రతులైనా తీయవచ్చు.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల గురించి చాలానే రాశారు, నేను క్లుప్తంగా పోతాను. ఆరంభానికి పన్నెండు రోజుల ముందు, సెప్టెంబరు 21న, ప్రధాన స్టేడియం పక్క కాలినడక వంతెన కూలింది. ఎంపిక చేసిన 22,000 మంది వాలంటీర్లలో దాదాపు 10,000 మంది ముందే తప్పుకున్నారని అప్పటి పత్రికలు రాశాయి. డబ్బు అవినీతి కథ అందరికీ తెలుసు. వాలంటీర్ల కథ అంతగా తెలియదు, నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. పిల్లలు ఉత్సాహంగా వచ్చి పేరిచ్చారు. వాళ్లకు పనేమిటో, అన్నమెక్కడో, తిరుగు ప్రయాణమెట్లాగో సమయానికి చెప్పినవాళ్లు లేకపోతే ఎవరి ఉత్సాహమైనా ఎన్నాళ్లుంటుంది?

శిక్షణలో అన్నిటికన్నా ముందుండాల్సింది జనం లెక్క. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది పరువు కాదు, ప్రాణం. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయారు. గెలిచిన జట్టు ఊరేగింపు ఉందని ఒకరు, లేదని ఒకరు చెబుతూ వచ్చారు. జనం అన్ని గేట్లకూ ఒక్కసారే చేరారు. అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు, అంతకు పదేళ్ల ముందు 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరఘాట్‌లో 27 మంది పోయారు. ఒకటి ఆట, రెండు మొక్కులు. కారణం మాత్రం ఒకటే: ఇరుకు దారి, తెరుస్తారో తెరవరో తెలియని గేటు, వెనకవాళ్లకు ముందేం జరుగుతోందో చెప్పే గొంతు లేకపోవడం.

ఈ విద్యకు లెక్కలున్నాయి. 1971లో గ్లాస్గో ఐబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద 66 మంది చనిపోయాక, బ్రిటన్ 1973లో మైదానాల భద్రతకు ఒక మార్గదర్శి తెచ్చింది. గ్రీన్ గైడ్ అంటారు. దాని ప్రకారం, ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు గేటు గుండా గంటకు 660 మందికి మించి లోపలికి పోతారని లెక్క వేసుకోకూడదు. బయటికి పోయేటప్పుడు చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది. ఇప్పుడు కర్నూలులో 15,000 మంది వచ్చే ఒక ఫైనల్ ఊహించుకోండి. ఆరు వరుసల్లో లోపలికి వదిలితే అందరూ కూర్చోవడానికి దాదాపు మూడు గంటల ముప్పావు పడుతుంది. ఆట నాలుగింటికైతే గేట్లు పన్నెండుకే తీయాలి, అంటే మిట్టమధ్యాహ్నం ఎండలో వరుస. గంటలో నింపాలంటే 23 వరుసలు కావాలి. ఆట అయ్యాక ఎనిమిది నిమిషాల్లో ఖాళీ కావాలంటే అన్ని గేట్లూ కలిపి 23 మీటర్ల వెడల్పు తెరిచి ఉండాలి. తనిఖీ పేరుతో రెండు గేట్లు తాళమేస్తే ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది. 2022 అక్టోబరు 1న ఇండోనేషియా మలాంగ్ ప్రాంతంలో బాష్పవాయువుకు భయపడి పరుగెత్తిన జనం ఇరుకు తలుపుల దగ్గర నలిగిపోయారు, 135 మంది పోయారు.

పదో తరగతి గణితం వచ్చినవాళ్లెవరైనా ఈ కూడికలు వేయగలరు. ఏ సీఐ, ఏ పీఈటీ, ఏ మున్సిపల్ ఇంజనీరు కూర్చొని కలిసి వేస్తారన్నదే ప్రశ్న. విదేశాల్లో దీనికి టేబుల్‌టాప్ అనే అభ్యాసం చేయిస్తారు. మైదానం పటం బల్ల మీద పరుస్తారు. నడిపించేవాడు ఒక కష్టం చెబుతాడు: సాయంత్రం 5.40, జోరుగాలివాన, మూడో గేటు వైపు 800 మంది ఒక్కసారి షెడ్డు కిందికి పరుగెత్తారు. ఇప్పుడు మొదటి ఫోన్ ఎవరు ఎవరికి చేస్తారు? ఆట ఆపమని చెప్పే అధికారం ఎవరిది? మైకులో ఏ మాట పలకాలి, తెలుగులోనా ఉర్దూలోనా కన్నడంలోనా? ఆదోని, మంత్రాలయం వైపు జనం వస్తే కన్నడం కావాలి, కర్నూలు, కడప పాతబస్తీల జనానికి ఉర్దూ కావాలి. గంటసేపు ఈ పని చేస్తే, కలెక్టరాఫీసు సమీక్షా సమావేశాలు నాలుగింట్లో తేలనివి తేలతాయి. ఖర్చు టీ, బిస్కట్లు.

ఈ గడ్డ మీద నిర్వహణ నేర్పు లేదనడం తప్పు. ఇక్కడి బండలాగుడు పోటీల్ని చూడండి. తిరునాళ్లకో శ్రీరామనవమికో ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఎన్ని ఊళ్లలో జరుగుతాయో! పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అని ఎద్దుల పళ్లు చూసి విభాగాలు చేస్తారు. విభాగాన్ని బట్టి బండ బరువు. చీటీలు తీసి వరుస ఖాయం చేస్తారు. జతకు ఇంత అని సమయం. బాట ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు బండ తిరిగిన రౌండ్లు ఒకరు లెక్కపెడతారు, ఇంకొకరు గడియారం పట్టుకుంటారు. ఈల పడగానే బండ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి టేపుతో కొలిచి, ఇన్ని అడుగుల ఇన్ని అంగుళాలని మైకులో చెబుతారు. ఒక జత లాగుతుండగానే “తర్వాతి జత సిద్ధంగా ఉండాల, కాడి కట్టుకోండన్నా” అని పిలుపు వినిపిస్తుంది. అంతర్జాతీయ అథ్లెటిక్స్‌లో కాల్‌రూమ్ అని పేరు పెట్టి చేసే పని కూడా ఇదే. దూరానికి అంగుళం తేడా వస్తే ఊళ్ల మధ్య మాట పడిపోతుంది కనుక కొలత దగ్గర ఎవరూ అలక్ష్యం చేయరు.

లోపాలూ ఉన్నాయి. అక్కడ జనానికీ ఎద్దులకూ మధ్య చాలాచోట్ల తాడొక్కటే అడ్డు. బెదిరిన జత జనంలోకి దూసుకొస్తే పోయే దారి ఎవరూ ముందే గీయరు. పశువైద్యుడి మాట కమిటీ మాటకన్నా పైనుండాలన్న ఒప్పందం అంతటా లేదు. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే కర్రల సమరం గురించి చెప్పనవసరం లేదు. ఏటా తలలు పగులుతాయి, ఏటా పోలీసులు, వైద్యబృందాలు వస్తాయి. శ్రీశైలంలో శివరాత్రికి, ఉగాదికి కర్ణాటక నుంచి కాలినడకన వచ్చే భక్తులకు దారిపొడుగునా నీళ్లు, అన్నం, పడక చూసే పద్ధతి మాత్రం తరాలుగా నలిగి నలిగి గట్టిపడింది. ఆ అన్నదానం కమిటీల పెద్దలను పిలిచి, ఐదువేల మంది భోజనానికి వరుస ఎట్లా నడపాలో ఒక పూట చెప్పించుకుంటే, ఖరీదైన కన్సల్టెంటు నివేదికలో లేనివి తెలుస్తాయి. నా దృష్టిలో ఏ శిక్షణకైనా తొలి తరగతి అదే కావాలి.

రెండో వనరు మన పీఈటీలు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి ఏటా నడుస్తాయి. పట్టించుకునేవాళ్లు తక్కువ. ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో రాష్ట్రస్థాయి అండర్ 17 కబడ్డీ పెట్టారనుకోండి. మూడు రోజుల ముందు నుంచి పీఈటీలకు నిద్ర ఉండదు. తరగతి గదుల్లో బెంచీలు తీసి పరుపులు వేయాలి. ఆడపిల్లల గదులు వేరే వరండాలో, తలుపుకు గొళ్లెం ఉందో లేదో చూడాలి, రాత్రి కాపలాకు మహిళా పీఈటీలను వంతులు వేయాలి. ట్యాంకరు నీళ్లు రెండు పూటలా రావాలి, రాయలసీమలో ఇది చిన్న మాట కాదు. కోర్టు గీతలు సున్నంతో కొలిచి వేయాలి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ కొలతలు వేరు. వయసు ధ్రువపత్రాలు చూడాలి, అక్కడ గొడవలొస్తాయి. కోస్తా పిల్లలు మన కారం తినలేరని వంటమాస్టరుకు ముందే చెప్పి రెండో రకం పప్పు చేయించే పీఈటీని చూస్తే, ఆతిథ్యం గురించి లొజాన్‌లో చెప్పే పాఠం సగం ఆయనకు వచ్చేసిందనిపిస్తుంది.

మిగతా సగం రాలేదు, రాకపోవడం ఆయన తప్పు కాదు. చేసినదేదీ కాగితం మీద ఉండదు. బిల్లులు ఉంటాయి, నిర్ణయాలుండవు. ఈ ఏడాది ప్రొద్దుటూరులో నేర్చుకున్నది వచ్చే ఏడాది నంద్యాలకు చేరదు. ఆ పీఈటీ రిటైరైతే ఆయన తలలో ఉన్నది ఆయనతోనే ఇంటికి పోతుంది. 2023 డిసెంబరు 26న మొదలై ఫిబ్రవరిలో విశాఖలో ముగిసిన ‘ఆడుదాం ఆంధ్రా’ చూడండి. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పోటీలను గ్రామ సచివాలయాల స్థాయి నుంచి రాష్ట్రం దాకా నడిపారు. దాని కొనుగోళ్ల మీద, ఖర్చుల మీద తర్వాత విచారణ నడిచింది, అది తేలవలసిన విషయమే. నాకు ఇంకో బాధ ఉంది. అన్ని ఊళ్లలో ఒకేసారి పోటీలు నడిపిన సచివాలయ సిబ్బంది, పీఈటీలు ఒక్కో పేజీ అనుభవం రాసి ఇచ్చి ఉంటే, ఈ పాటికి తెలుగులో పోటీనిర్వహణకు ఒక పాఠ్యపుస్తకమే ఉండేది.

ఎండ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే బయటి నుంచి వచ్చే శిక్షణలో ఈ భాగం మన నేలకు అతకదు. 2019 సెప్టెంబరు 27న దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ మహిళల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి పెట్టారు. అయినా 68 మంది బయల్దేరితే 40 మందే గమ్యం చేరారు. అక్కడ దెబ్బతీసింది ఉక్కపోత. మన కర్నూలు, కడపల ఎండ వేరు, పొడి ఎండ. చెమట పట్టినట్టే ఉండదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒళ్లు ఎండిపోతున్న సంగతి ఆటగాడికే తెలియదు. అందుకే మామూలు ఉష్ణమాపకం చాలదు. ప్రపంచంలో వాడే కొలతలో తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకానికి ఏడు పాళ్లు, నల్లని గోళంలో పెట్టినదానికి రెండు పాళ్లు, గాలి వేడికి ఒక పాలు కలుపుతారు. చిన్న పరికరమే, చేతిలో పట్టుకోవచ్చు. జిల్లాకు రెండు చొప్పున కొని, మార్చి నుంచి జూన్ దాకా ఏ మైదానంలో ఏ గంటకు ఎంత చూపిస్తోందో పీఈటీలతో రాయిస్తే రెండేళ్లలో సీమకు సొంత ఆటల గడియారం తయారవుతుంది. ఏ ఆట ఎన్ని గంటలకు ఆపాలో, నీళ్లకు ఎప్పుడెప్పుడు విరామం ఇవ్వాలో అప్పుడు మనమే బయటివాళ్లకు చెప్పగలం.

కర్నూలు అమ్మాయి జాఫ్రీన్ షేక్ బధిరుల ఒలింపిక్స్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచింది, 2022కు అర్జున అవార్డు అందుకుంది. ఆమె ఊళ్లో ఒక బధిరుల టోర్నీ నడపాలంటే మైకు పనికిరాదు. పిలుపులు తెర మీద కనబడాలి, పరుగుకు తుపాకీ బదులు దీపం వెలగాలి, సంజ్ఞాభాష వచ్చినవాళ్లు గేటు దగ్గర ఉండాలి. ప్రమాదం వస్తే హెచ్చరిక కంటికి కనబడాలి. ఇంత స్పష్టంగా పని నేర్పే పోటీ ఇంకొకటి లేదు, అందుకే శిక్షణకు ముందుగా దాన్నే ఎంచుకోవచ్చు. కడప జిల్లా నుంచి వెళ్లి 2025లో మహిళల క్రికెట్ ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉన్న శ్రీచరణిని చూసి ఎన్ని ఊళ్లలో ఆడపిల్లలు బంతి పట్టారో. వాళ్లు ఆడే పోటీల్లో తీర్పరులుగా, నిర్వాహకులుగా ఆడవాళ్లు ఎందరున్నారో కూడా లెక్క చూసుకోవాలి.

అంతర్జాతీయ జట్లతో కలిసి పనిచేయడం సీమకు కొత్తేమీ కాదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ఆర్డీటీ మొదలుపెట్టారు. 2010లో రఫెల్ నడాల్ ఫౌండేషన్ టెన్నిస్ కేంద్రం అక్కడే తెరిచింది. స్పానిష్ కోచ్, అనంతపురం పిల్లవాడు, మధ్యలో తెలుగు అనువాదకుడు, ఈ ముగ్గురి మధ్య ఎన్నో ఏళ్లుగా పని నడుస్తోంది. దులీప్ ట్రోఫీని ఆ ఊరు మోయగలిగిందంటే దాని వెనక ఈ అలవాటు ఉంది. ఉమ్మడి కడప జిల్లా నుంచి కువైట్‌కూ, ఖతర్‌కూ పోయినవాళ్లు ఇంకో వనరు. 2022 ప్రపంచకప్పుకు ముందు ఖతర్‌లో పనిచేసిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. స్టేడియం బయట కంచె ఎట్లా మళ్లించారో, ఎండకు నీడ ఎట్లా వేశారో, షిఫ్టులు ఎట్లా మార్చారో చేతులతో చేసి వచ్చినవాళ్లు వాళ్లు. రాయచోటి, రాజంపేట ఊళ్లలో వాళ్లను వెతికి రోజుకింత గౌరవవేతనం ఇచ్చి బోధకులుగా పిలవాలి. సర్టిఫికెట్ లేదని పక్కన పెట్టకూడదు.

జీతం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఈ పని ఇప్పటిదాకా అదనపు భారంగానే నడుస్తోంది. పోటీల పది రోజులూ పీఈటీకి ఆన్‌డ్యూటీ అని ఒక కాగితం, టీఏ వస్తే వస్తుంది. యోగి వేమన విశ్వవిద్యాలయం, రాయలసీమ విశ్వవిద్యాలయం కలిసి ఆరు నెలల కోర్సు పెట్టి, సగం రోజులు జిల్లా, రాష్ట్ర పోటీల్లో పనిచేయిస్తే, పట్టా ఉన్నవాళ్లనే రాష్ట్రస్థాయి మీట్‌లకు డైరెక్టర్లుగా నియమించాలని నియమం చేస్తే, పిల్లలు చేరతారు. ఆ నియమం లేకుండా కోర్సు పెడితే రెండో ఏడు సీట్లు మిగిలిపోతాయి.

గడువు కూడా దగ్గర్లోనే ఉంది. 2030 కామన్వెల్త్ క్రీడలను అహ్మదాబాద్‌కు ఇస్తూ 2025 నవంబరులో గ్లాస్గోలో నిర్ణయం జరిగింది. 2036 ఒలింపిక్స్ కావాలని భారత్ 2024 అక్టోబరులోనే లేఖ ఇచ్చింది. సాధారణంగా ప్రధాన క్రీడలకు ఏడాది ముందు నుంచే టెస్ట్ పోటీలు మొదలవుతాయి, మనుషుల ఎంపిక అంతకన్నా ముందే. రాష్ట్ర క్రీడాప్రాధికార సంస్థ శాప్ ఇప్పుడే గుజరాత్‌కు రాసి కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం జిల్లాల నుంచి ఇరవై మంది పీఈటీలకు, ఇద్దరు ముగ్గురు పోలీసు అధికారులకు అక్కడ ఆరు నెలల డెప్యుటేషన్ అడగాలి. వాళ్ల ప్రయాణఖర్చు రాష్ట్రమే పెట్టుకోవాలి. తిరిగొచ్చిన ఏడాదిలోపు కడపలో ఒక జాతీయ స్కూల్ మీట్ వాళ్ల చేతుల్లో పెట్టాలి. మీట్ ముగిసిన మర్నాడు జట్లన్నీ రైలెక్కాక, వంటమాస్టరు నుంచి మీట్ డైరెక్టరు దాకా అందరూ రాజారెడ్డి మైదానం పెవిలియన్‌లో కూర్చొని ఏది బెడిసిందో తెలుగులో రాయాలి. ఆ కాగితాల తొలి ప్రతి కర్నూలుకు పోవాలి, తర్వాతి మీట్ అక్కడే పెట్టాలి.